ట్రేడ్ లా వైపా, ఇన్వెస్ట్‌మెంట్ లా వైపా? కర్నూలు, అనంతపురం, కడప నుంచి ఎల్ఎల్ఎంకు వెళ్లేవాళ్ల కోసం

ఎల్ఎల్‌బీ అయ్యి, కోటు వేసుకుని ఏడాదో రెండేళ్లో సీనియర్ వెనక తిరిగాక మన జిల్లాల జూనియర్లలో కొందరికి ఎల్ఎల్ఎం మీద మనసు పడుతుంది. ఆ వెతుకులాటలో ‘ఇంటర్నేషనల్ ట్రేడ్ అండ్ ఇన్వెస్ట్‌మెంట్ లా’ అనే పేరు కనిపిస్తుంది. జెనీవా, ఆమ్‌స్టర్‌డామ్, వాషింగ్టన్ ఫొటోలు కూడా పక్కనే ఉంటాయి. కర్నూలు కోర్టు క్యాంటీన్‌లో టీ గ్లాసు చేతికిచ్చి “అన్నా, దీనికి స్కోప్ ఉందా?” అని అడుగుతారు. స్కోప్ ఉంది. అయితే ఏ పనికి, ఏ ఊళ్లో, ఎంత ఖర్చు పెడితే అన్నది ఎవరూ విడమరిచి చెప్పరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోర్సు పేరు ఒకటే అయినా అందులో ఉన్నవి రెండు వేర్వేరు వృత్తులు. ట్రేడ్ లా పని చాలావరకు ఢిల్లీలో ఉంటుంది, దానికి ఇక్కడి డిగ్రీతోనే చేరుకోవచ్చు. ఇన్వెస్ట్‌మెంట్ ఆర్బిట్రేషన్ (పెట్టుబడి గొడవలను కోర్టు బయట మధ్యవర్తుల ముందు తేల్చుకోవడం) పని లండన్, ప్యారిస్, జెనీవా, వాషింగ్టన్, సింగపూర్‌లలో ఉంటుంది, దానికి విదేశీ చదువు దాదాపు తప్పదు. ఏ సగం కావాలో తేల్చుకోకుండా యూనివర్సిటీల జాబితా ముందేసుకుని కూర్చుంటే అప్పు మాత్రమే మిగులుతుంది.

రెండు సగాలు, ఎక్కడ విడిపోతాయి

ట్రేడ్ లా అంటే దేశాల మధ్య సరుకులు, సేవల రాకపోకల మీద నిబంధనలు. సుంకాలు, వాణిజ్యం మీద 1947 నాటి గాట్ ఒప్పందం, 1995 జనవరి 1న జెనీవా కేంద్రంగా మొదలైన ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో), దేశాలు తమలో తాము చేసుకునే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు, వీటన్నిటి కింద మన కస్టమ్స్ చట్టాలు. డబ్ల్యూటీవోలో కేసు వేసేదీ ప్రభుత్వమే, ఎదుర్కొనేదీ ప్రభుత్వమే. కంపెనీ ఎంత పెద్దదైనా నేరుగా జెనీవా మెట్లెక్కి ఫిర్యాదు చేయలేదు.

ఇది మనకు దూరపు వ్యవహారం అనుకునేవాళ్లు కడప జిల్లా కృష్ణాపురం ఉల్లి సంగతి చూడాలి. చిన్నగా, ఎర్రగా, బాగా ఘాటుగా ఉండే ఈ ఉల్లిని మన వంటల్లో పెద్దగా వాడరు, ఎగుమతి కోసమే పండిస్తారు. 2020 సెప్టెంబరులో కేంద్రం ఉల్లి ఎగుమతులను మొత్తంగా ఆపేసింది. తినేది ఇక్కడ కాదు, అమ్మేది బయట, మరి ఈ నిషేధం ఎవరి కోసం అని రైతులు మొత్తుకున్నారు. అక్టోబరులో సడలింపు వచ్చింది. బెంగళూరు రోజ్ ఉల్లి 10 వేల టన్నులు, కృష్ణాపురం ఉల్లి 10 వేల టన్నులు, 2021 మార్చి 31 లోపు, అదీ చెన్నై రేవు నుంచి మాత్రమే. సరుకు ఫలానా రకమే అని ఉద్యానశాఖ అధికారి సర్టిఫికెట్ కూడా కావాలి.

ట్రేడ్ లా చదివినవాడు ఈ నోటిఫికేషన్‌ను పట్టుకుని ఏం చేస్తాడు? గాట్ 11వ అధికరణం తెరుస్తాడు. ఎగుమతుల మీద నిషేధాలు, పరిమితులు పెట్టకూడదని మొదటి పేరా చెబుతుంది. ఆహార పదార్థాల తీవ్ర కొరత ఉంటే తాత్కాలికంగా పెట్టుకోవచ్చని రెండో పేరా మినహాయిస్తుంది. ఇక్కడ తినని సరుకుకు ‘తీవ్ర కొరత’ ఎలా వర్తిస్తుంది? తర్వాత వ్యవసాయ ఒప్పందం 12వ అధికరణానికి వెళ్తాడు. నిషేధం పెట్టే దేశం, కొనుక్కునే దేశాల ఆహార భద్రతను లెక్కలోకి తీసుకోవాలని అది అంటుంది. మళ్లీ అందులోనే ఇంకో మెలిక: అభివృద్ధి చెందుతున్న దేశానికి ఆ బాధ్యత ఉండాలంటే ఆ సరుకులో అది నికర ఎగుమతిదారు అయి ఉండాలి. ఇలా ఒక పేరా నుంచి ఇంకో పేరాకు, అక్కడి నుంచి లెక్కలకు, మళ్లీ పాత తీర్పులకు. ఈ పని చదువుతుంటేనే ఉత్సాహం వస్తే మీది ట్రేడ్ వైపు.

సోలార్ కేసు ఇంకొకటి. కర్నూలు నుంచి ఓర్వకల్లు దాటాక గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, 2017లో పూర్తిస్థాయిలో మొదలైంది. జాతీయ సౌర మిషన్ కింద కొన్ని ప్రాజెక్టులకు దేశంలో తయారైన సెల్స్, మాడ్యూల్సే వాడాలని కేంద్రం షరతు పెట్టింది. అమెరికా 2013లో డబ్ల్యూటీవోకు వెళ్లింది, 2016లో మనం ప్యానెల్ (మొదట కేసు వినే బృందం) దగ్గరా అప్పీలులోనూ ఓడిపోయాం. స్వదేశీ సరుకుకూ దిగుమతి సరుకుకూ తేడా చూపకూడదన్న సూత్రానికి ఆ షరతు విరుద్ధమని తీర్పు. ఆ తర్వాత ప్రభుత్వం దారి మార్చింది. 2018లో సేఫ్‌గార్డ్ సుంకం (దిగుమతులు ఒక్కసారిగా పెరిగితే వేసేది), 2022 ఏప్రిల్‌లో సెల్స్ మీద 25 శాతం, మాడ్యూల్స్ మీద 40 శాతం కస్టమ్స్ సుంకం. షరతు పెట్టడం కుదరదంటే సుంకం వేయడం కుదిరింది. ఎందుకు కుదిరిందో చెప్పగలవాడికే ఢిల్లీలో జీతం ఇస్తారు.

ఇన్వెస్ట్‌మెంట్ లా కథ వేరు. ఇక్కడ విదేశీ పెట్టుబడిదారు నేరుగా ప్రభుత్వం మీదకే వెళ్తాడు. రెండు దేశాల మధ్య పెట్టుబడుల రక్షణ ఒప్పందం ఉంటే, దాని కింద ముగ్గురు ఆర్బిట్రేటర్ల ట్రిబ్యునల్ ముందు నష్టపరిహారం అడుగుతాడు. మన దేశానికి మొదటి గట్టి దెబ్బ 2011లో వైట్ ఇండస్ట్రీస్ కేసు. కోల్ ఇండియాతో గొడవపడ్డ ఆ ఆస్ట్రేలియా కంపెనీ, తనకు దక్కిన ఆర్బిట్రేషన్ అవార్డు అమలు మన కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగిందని భారత ప్రభుత్వం మీదే కేసు వేసి గెలిచింది. కువైట్‌తో మన ఒప్పందంలో ఉన్న ఒక అనుకూల క్లాజును ఆస్ట్రేలియా ఒప్పందంలోకి లాక్కొచ్చి గెలిచారు. మన కోర్టు వాయిదాలు చూసినవాళ్లెవరికైనా ఈ కేసు నవ్వూ బాధా రెండూ తెప్పిస్తుంది. ఆ తర్వాత 2020 సెప్టెంబరులో వొడాఫోన్ చేతిలో, డిసెంబరులో కెయిర్న్ చేతిలో ఓడాం. రెండూ వెనకటి తేదీ నుంచి వేసిన పన్ను మీద. కెయిర్న్‌కు దాదాపు 120 కోట్ల డాలర్లు ఇవ్వాలన్నారు. 2021 ఆగస్టులో పార్లమెంటు ఆ వెనకటి తేదీ పన్నునే ఎత్తేసింది.

మన రాష్ట్రం కూడా ఈ చిత్రంలో ఉంది. విశాఖ ఏజెన్సీ బాక్సైట్ సరఫరా రద్దు మీద యూఏఈలోని రస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థ భారత ప్రభుత్వం మీద కేసు వేసింది, అందులో గెలుపు మనది. 2019లో సోలార్, విండ్ విద్యుత్ కొనుగోలు ఒప్పందాల రేట్లను రాష్ట్రం తిరగదోడినప్పుడు జపాన్ రాయబారి ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. రాష్ట్రం తీసుకున్న నిర్ణయానికి ట్రిబ్యునల్ ముందు జవాబు చెప్పాల్సింది కేంద్రం. అమరావతిలో జీవో ఇస్తే హేగ్‌లో సంజాయిషీ ఇచ్చుకోవాల్సి రావచ్చు. ఈ లంకె నచ్చినవాళ్లది రెండో సగం.

తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. సోలార్ కేసులో అప్పీలు సంస్థ నివేదిక డబ్ల్యూటీవో వెబ్‌సైట్‌లో ఉంటుంది. వైట్ ఇండస్ట్రీస్ అవార్డు ఇటాలా (italaw) అనే సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రెండూ ప్రింట్ తీయించుకుని వరుసగా చదవండి. మొదటిది పొడి పొడిగా, పదం పదం తూచినట్టు ఉంటుంది. రెండోదాంట్లో మనుషులు, ఒప్పందాలు, డబ్బు, అలసట కనిపిస్తాయి. ఏది చదువుతుంటే నిద్ర రాలేదో అదే మీ జవాబు. రెండూ విసుగనిపిస్తే ఈ ఎల్ఎల్ఎం ఆలోచన అక్కడితో ఆపి, కంపెనీ లా, జీఎస్టీ వైపు చూడటం మేలు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

పని ఎక్కడ దొరుకుతుంది

డబ్ల్యూటీవో పేరు చెబితే అందరూ జెనీవా అనుకుంటారు. కానీ అక్కడి అప్పీలు సంస్థ 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు. కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకుంటూ రావడంతో కోరం పోయింది. ఇప్పుడు ప్యానెల్‌లో ఓడిన దేశం లేని అప్పీలు సంస్థకు అప్పీలు వేసి తీర్పును అటకెక్కించవచ్చు. చక్కెర సబ్సిడీల కేసులో 2021 డిసెంబరులో ఓడాక మనమూ అదే చేశాం. కాబట్టి ‘జెనీవాలో డబ్ల్యూటీవో కేసులు వాదిస్తాను’ అన్న ఊహతో అప్పు చేయకండి.

ఢిల్లీలో మాత్రం ట్రేడ్ లా పని ఆగలేదు, పెరిగింది. దానికి పేరు ట్రేడ్ రెమెడీస్. ఒక దేశం నుంచి సరుకు అన్యాయంగా చవగ్గా వచ్చి పడుతోందని ఇక్కడి పరిశ్రమ ఫిర్యాదు చేస్తే, వాణిజ్య మంత్రిత్వ శాఖ కింద ఉన్న డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రేడ్ రెమెడీస్ (డీజీటీఆర్) విచారణ చేస్తుంది. నష్టం నిజమేనని తేలితే కస్టమ్స్ టారిఫ్ చట్టం 9ఏ సెక్షన్ కింద యాంటీ డంపింగ్ సుంకం వేస్తారు. మామూలుగా 5 ఏళ్లు, ఆ తర్వాత కొనసాగించాలా వద్దా అని మళ్లీ సమీక్ష. ఇలాంటి విచారణలు ఎక్కువగా చేసే దేశాల్లో మనది ప్రపంచంలోనే ముందువరస. ఢిల్లీలో దీని మీదే బతికే ఫర్ములు ఉన్నాయి.

రోజువారీ పని ఎలా ఉంటుందో తెలుసుకుని దిగడం మంచిది. కోర్టులో గొంతెత్తి వాదించడం తక్కువ. కంపెనీ ఉత్పత్తి ఖర్చు, అమ్మకపు ధర, దిగుమతుల పరిమాణం, ఇవన్నీ ఎక్సెల్ షీట్లలో పెట్టుకుని కాస్ట్ అకౌంటెంట్ పక్కన కూర్చోవాలి. చైనా ఎగుమతిదారు నింపాల్సిన ప్రశ్నావళిలో ఒక గడి ఖాళీగా ఉంటే ‘సహకరించలేదు’ అని ముద్ర పడి సుంకం పెరిగిపోతుంది. ఆ గడి ఖాళీగా ఉండకుండా చూడటం జూనియర్ పని. లెక్కలంటే భయం లేని బీకాం వాళ్లు ఇందులో బాగా రాణిస్తారు. మన దగ్గర మూడేళ్ల ఎల్ఎల్‌బీకి వచ్చేవాళ్లలో బీకాం వాళ్లు తక్కువేం కాదు, ఆ చదువు ఇక్కడ కలిసొస్తుంది.

ప్రభుత్వం వైపు రెండు దారులు. ఢిల్లీలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్ (ఐఐఎఫ్‌టీ)లో ఉన్న సెంటర్ ఫర్ ట్రేడ్ అండ్ ఇన్వెస్ట్‌మెంట్ లా కేంద్రానికి ఒప్పందాల చర్చల్లో, కేసుల్లో న్యాయ సలహా ఇస్తుంది. రీసెర్చ్ ఫెలో ఉద్యోగాలకు ప్రకటనలు ఇస్తుంటారు. యూఏఈ, ఆస్ట్రేలియా, ఈఎఫ్‌టీఏ (స్విట్జర్లాండ్, నార్వే తదితర దేశాల కూటమి), యూకే అంటూ వరసగా ఒప్పందాలు కుదురుతున్న కాలం కాబట్టి పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దేశంలో నాకు కనిపించదు. రెండోది యూపీఎస్సీ సివిల్స్ ద్వారా వచ్చే ఇండియన్ ట్రేడ్ సర్వీస్, అంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) అధికారులు. హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్‌లకు వెళ్లేవాళ్లు కూడా సర్వీసుల ప్రాధాన్యం పెట్టేటప్పుడు దీన్ని చివరికి తోసేస్తారు. ట్రేడ్ లా ఇష్టమున్నవాళ్లు అలా తోసేయకూడదు.

ఇన్వెస్ట్‌మెంట్ ఆర్బిట్రేషన్‌లో ఉద్యోగాలు లెక్కపెట్టినన్నే. దానికి తోడు మన ప్రభుత్వం వైట్ ఇండస్ట్రీస్ దెబ్బ తర్వాత 2015లో కొత్త నమూనా ఒప్పందం తయారు చేసుకుని, పాత ఒప్పందాల్లో చాలావాటిని రద్దు చేసింది. నమూనా ప్రకారం పెట్టుబడిదారు మొదట 5 ఏళ్లు మన కోర్టుల్లోనే తిరగాలి. 2024లో యూఏఈతో చేసుకున్న ఒప్పందంలో దాన్ని 3 ఏళ్లకు తగ్గించారు. వాషింగ్టన్‌లో ఇలాంటి పెట్టుబడి వివాదాలు చూసే ఇక్సిడ్ వ్యవస్థలో మనం సభ్యులమే కాదు. అంటే ఇండియా కేసుల మీదే ఆధారపడి ఈ వృత్తి నడపడం కష్టం. విదేశీ ఫర్మ్‌లో ఆఫ్రికా, లాటిన్ అమెరికా కేసుల మీద పనిచేయాలి. ఫ్రెంచ్, స్పానిష్ వచ్చినవాళ్లతో పోటీ. చేయలేరని కాదు, ఆ పోటీ ఎలాంటిదో ముందు తెలియాలి.

మరి ఊరు వదలకుండా? నిజాయితీగా చెప్పాలంటే కర్నూలులోనో కడపలోనో కూర్చుని ట్రేడ్ లా ప్రాక్టీసు ఒక్కదాని మీద ఇల్లు గడవదు. కానీ అనుబంధ పని ఉంది. అనంతపురం జిల్లాలో, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర, కియా 2019 నుంచి కార్లు తయారు చేస్తోంది. దాని చుట్టూ కొరియా విడిభాగాల కంపెనీలు వెలిశాయి. కొరియాతో మన ఒప్పందం 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆ ఒప్పందం కింద తక్కువ సుంకం కావాలంటే సరుకు నిజంగా కొరియాలో తయారైందని నిరూపించాలి. 2020లో వచ్చిన నిబంధనలు ఆ రుజువు భారాన్ని దిగుమతిదారు మీద పెట్టాయి. ఒక సర్టిఫికెట్‌లో తేడా వస్తే డిమాండ్ నోటీసు వస్తుంది. పాత కడప జిల్లా మంగంపేట బెరైటీస్, తాడిపత్రి వైపు నుంచి గల్ఫ్‌కు పోయే అరటి, కర్నూలు బియ్యం, వీటన్నిటికీ ఎగుమతి కాగితాలు చూసే వకీలు కావాలి. జీఎస్టీ, కస్టమ్స్ ప్రాక్టీసుతో కలిపి చేస్తే ఇది నడుస్తుంది. దీనికి మాత్రం విదేశీ ఎల్ఎల్ఎం అక్కర్లేదు.

చదువు ఎక్కడ

అన్నిటికంటే చవక, మన రాష్ట్ర యూనివర్సిటీల్లో రెండేళ్ల ఎల్ఎల్ఎం. పీజీఎల్‌సెట్ రాసి చేరొచ్చు. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం (ఎస్‌కేయూ), తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం దగ్గర్లోనే ఉన్నాయి. ఫీజు వేలల్లో తేలిపోతుంది, ప్రాక్టీసు చెడదు. ట్రేడ్ లా ప్రత్యేకంగా చెప్పడం మాత్రం ఆశించవద్దు. అయితే డిసర్టేషన్ మీ చేతిలోనే ఉంటుంది. కృష్ణాపురం ఉల్లి మీద, ఎర్రచందనం ఎగుమతి మీద ఎవరైనా గట్టి డిసర్టేషన్ రాస్తే ఢిల్లీ ఇంటర్వ్యూలో యూనివర్సిటీ పేరు కంటే అదే మాట్లాడుతుంది. లెక్చరర్ కావాలనుకునేవాళ్లకు, దానికి అర్హత పరీక్ష నెట్ రాసేవాళ్లకు ఇదే సురక్షితం.

జాతీయ లా యూనివర్సిటీల్లో ఏడాది ఎల్ఎల్ఎం రెండో దారి. మన జిల్లాలకు ఈ విషయంలో అదృష్టం ఉంది. కర్నూలుకు నల్సార్ ఉన్న హైదరాబాద్, అనంతపురానికి నేషనల్ లా స్కూల్ ఉన్న బెంగళూరు, రెండూ నాలుగైదు గంటల ప్రయాణం. ప్రవేశం క్లాట్ పీజీతో, ఢిల్లీలోని నేషనల్ లా యూనివర్సిటీకి మాత్రం వేరుగా ఐలెట్. ఫీజు, హాస్టల్ కలిపి సుమారు 2 నుంచి 4 లక్షలు అనుకోవచ్చు. ఇక్కడ చూడాల్సింది ర్యాంకు కాదు, ఆ ఏడాది ట్రేడ్ లా చెప్పే అధ్యాపకులు ఉన్నారా లేదా అన్నది. ప్రాస్పెక్టస్‌లో ఎలక్టివ్ పేరు ఉంటుంది, చెప్పేవాళ్లు సెలవులో ఉంటారు. ఈ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థికి ఫోన్ చేసి “ఈ పేపరు నిజంగా నడిచిందా?” అని అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. నాకైతే ట్రేడ్ వైపు వెళ్లేవాళ్లలో పదిమందిలో ఏడుగురికి ఈ దారే సరిపోతుందనిపిస్తుంది.

ఢిల్లీలోని సౌత్ ఏషియన్ యూనివర్సిటీని మనవాళ్లు దాదాపుగా పట్టించుకోరు. అక్కడ రెండేళ్ల ఎల్ఎల్ఎం పూర్తిగా అంతర్జాతీయ న్యాయం మీదే. తరగతిలో నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక విద్యార్థులు ఉంటారు. ఢిల్లీలో రెండేళ్లు ఉండటం వల్ల చదువుతూనే ఫర్ముల్లో ఇంటర్న్‌షిప్ చేసుకోవచ్చు, అదే పెద్ద లాభం.

ఒక చట్టపు చిక్కు గురించి తెలిసి ఉండాలి. బార్ కౌన్సిల్ 2021 జనవరిలో ప్రచురించిన నిబంధనలు ఏడాది ఎల్ఎల్ఎంను తీసేసి రెండేళ్లదే ఉంచాలన్నాయి, విదేశీ ఏడాది డిగ్రీ సమానత్వానికి అదనపు షరతులు పెట్టాయి. అది సుప్రీంకోర్టుకు వెళ్లింది, యూనివర్సిటీలు ఏడాది కోర్సు నడుపుతూనే ఉన్నాయి. ఫర్మ్ ఉద్యోగానికి దీనితో పని లేదు. కాలేజీలో పాఠం చెప్పాలనుకునేవాళ్లు మాత్రం చేరేముందు తాజా పరిస్థితి చూసుకోవాలి.

ఇక విదేశాలు. బెర్న్‌లోని వరల్డ్ ట్రేడ్ ఇన్‌స్టిట్యూట్ ఈ సబ్జెక్టుకే పుట్టినది. చట్టంతో పాటు ఆర్థికశాస్త్రం కూడా గట్టిగా చెబుతారు, క్లాసు చిన్నది. బార్సిలోనా యూనివర్సిటీ ఐఈఎల్‌పీఓ కోర్సు కూడా అదే తరహా, ప్రపంచం నలుమూలల నుంచి ప్రొఫెసర్లు వారాల చొప్పున వచ్చి పాఠాలు చెబుతారు. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో సరిగ్గా ట్రేడ్, ఇన్వెస్ట్‌మెంట్ లా పేరుతోనే ఎల్ఎల్ఎం ఉంది. ఆర్బిట్రేషనే లక్ష్యమైతే జెనీవాలోని ఎమ్ఐడీఎస్‌ను మించింది వెతకనక్కర్లేదు. పేరులో ట్రేడ్ ఉండదు, వివాదాల పరిష్కారమే చెబుతారు, ఆ రంగంలో అందరికీ తెలిసిన పేరు. వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్ చదువుకు ఎదురు లేదు, ఖర్చుకూ ఎదురు లేదు. సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ (ఎన్‌యూఎస్) ఆసియా ఆర్బిట్రేషన్‌కు మంచిది, ఇంటికి దగ్గర.

బ్రిటన్‌లో కోర్సులు బోలెడు, ఏజెంట్లూ బోలెడు. కర్నూలు, అనంతపురం కన్సల్టెన్సీ బోర్డుల మీద కనిపించే యూనివర్సిటీల్లో ఎక్కువవాటికి ఈ సబ్జెక్టులో పేరు లేదు. కన్సల్టెన్సీ ఎక్కడ సీటు ఇప్పిస్తుందో అక్కడ దానికి కమీషన్ ఉంటుంది. ఈ రంగానికి బ్రిటన్ వెళ్లాలంటే కేంబ్రిడ్జ్, ఎల్ఎస్ఈ, క్వీన్ మేరీ, కింగ్స్, ఎడిన్‌బరా లాంటివాటికి సొంతంగా అప్లై చేయండి. రాకపోతే మరుసటి ఏడాది మళ్లీ చేయండి. సీటు వచ్చింది కదా అని ఏదో ఒకదాంట్లో చేరకండి.

ఎల్ఎల్ఎం చేస్తే అక్కడ ప్రాక్టీసు లైసెన్సు వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ కావాలంటే ఎస్‌క్యూఈ పరీక్షలు పాస్ కావాలి, దానికి ఎల్ఎల్ఎం షరతే కాదు. న్యూయార్క్‌లో బార్ పరీక్ష వేరే. మీది ప్రాక్టీసు లక్ష్యమా, చదువు లక్ష్యమా అన్నది ఇక్కడ విడిపోతుంది.

డబ్బు

స్థూలంగా అన్నీ కలుపుకుని యూరప్‌లో 25 నుంచి 45 లక్షలు, బ్రిటన్‌లో 35 నుంచి 55, అమెరికా పెద్ద లా స్కూళ్లలో 80 లక్షలు దాటుతుంది. ఢిల్లీలో ట్రేడ్ ఫర్మ్‌లో చేరే కొత్తవాడి జీతంతో 50 లక్షల అప్పు తీర్చడం అయ్యే పని కాదు. అక్కడే ఉద్యోగం దొరికితే వేరు, కానీ లా అన్నది సాఫ్ట్‌వేర్ కాదు. మన లైసెన్సు అక్కడ చెల్లదు, వీసా స్పాన్సర్ చేసే ఫర్మ్ దొరకడం అరుదు. అప్పు చేసి పప్పుకూడు అన్న సామెత ఈ కోర్సుకు అతికినట్టు సరిపోతుంది.

మన ప్రాంతానికి ఇంకో ఇబ్బంది ఉంది. బ్యాంకుల మామూలు ఎడ్యుకేషన్ లోన్ పథకంలో 4 లక్షల దాకా హామీ అడగరు, 7.5 లక్షలు దాటితే మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతారు. మన ఇళ్లలో ఆస్తి అంటే ఎక్కువగా పొలం. సర్ఫేసీ చట్టం కింద వ్యవసాయ భూమిని బ్యాంకు నేరుగా స్వాధీనం చేసుకోలేదు, కాబట్టి మేనేజరు పొలం పాసుబుక్కు చూసి పక్కన పెడతాడు. టౌన్‌లో ఇల్లో, ప్లాటో అడుగుతాడు. లేకపోతే ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలు ఎక్కువ వడ్డీకి ఇస్తాయి. నాన్న పేరు మీదున్న ఒక్క ఇల్లు తాకట్టు పెట్టి ఈ కోర్సుకు వెళ్లడాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను, సీటు ఎంత మంచిదైనా సరే.

స్కాలర్‌షిప్ వస్తే లెక్క మారిపోతుంది. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్‌కు రెండేళ్ల పని అనుభవం కావాలి, చదువయ్యాక రెండేళ్లు తిరిగి దేశంలో ఉండాలి. కామన్వెల్త్, ఇన్‌లాక్స్, ఆక్స్‌ఫర్డ్ లాంటి చోట్లకు ఫెలిక్స్ ఉన్నాయి. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. రాష్ట్ర విదేశీ విద్య పథకాలు ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు, షరతులు మార్చుకుంటాయి, కాబట్టి జీవో చేతికి వచ్చేదాకా దాన్ని నమ్ముకుని సీటు డిపాజిట్ కట్టొద్దు. వీటన్నిటికీ పని అనుభవం బలం. అందుకే ఎల్ఎల్‌బీ అవగానే విదేశానికి పరుగెత్తడం కంటే రెండేళ్లు ఢిల్లీలోనో, హైదరాబాద్‌లో కస్టమ్స్ ట్రిబ్యునల్ పనిలోనో ఉండి అప్లై చేస్తే రెండు విధాలా లాభం.

ఇంగ్లిష్ సంగతి

ఇది చెప్పకుండా దాటేస్తారు. మన దగ్గర ఎల్ఎల్‌బీ పరీక్షలు తెలుగులో రాసి పాసైనవాళ్లు చాలామందే. అందులో తప్పు లేదు, కింది కోర్టుల్లో అది బలం కూడా. కానీ ఈ సబ్జెక్టు అంతా ఇంగ్లిష్ పేరాల మీద బతుకుతుంది. విదేశాలు ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 నుంచి 7.5 దాకా అడుగుతాయి, అసలు టెన్షన్ ఆ స్కోరుతో కాదు. వందల పేజీల నివేదిక చదివి రెండు పేజీల మెమో రాయగలగాలి. రోజూ ఒక పేరా తీర్పు చదివి సొంత మాటల్లో తిరగరాయడం ఆరు నెలలు చేస్తే మార్పు కనిపిస్తుంది. డబ్ల్యూటీవో ఆన్‌లైన్ కోర్సులు, ఐక్యరాజ్యసమితి ఆడియోవిజువల్ లైబ్రరీ ఉపన్యాసాలు ఉచితం. కోచింగ్ సెంటర్‌కు కట్టే డబ్బు మిగులుతుంది.

చివరికి ఎవరికి ఏది

లెక్కలంటే ఇష్టం, ఢిల్లీలో ఉండటానికి సిద్ధం, ఇంట్లో డబ్బు అంతంతే అయితే క్లాట్ పీజీ రాసి నేషనల్ లా యూనివర్సిటీ, ట్రేడ్ రెమెడీస్. క్లాట్ పీజీలో మంచి ర్యాంకు రాకపోతే సౌత్ ఏషియన్ యూనివర్సిటీ. ఎస్‌కేయూలో సీటు చేతిలో ఉండి ప్రాక్టీసు వదల్లేనివాళ్లు దాన్నే తీసుకుని, కియా చుట్టుపక్కల కస్టమ్స్ పని వెతుక్కోవచ్చు. లెక్చరర్ కావాలంటే రెండేళ్ల డిగ్రీ, నెట్. ఆర్బిట్రేషన్ మీద మోజు నిజమైతే రెండేళ్లు పని, జాన్ జాక్సన్ మూట్ (డబ్ల్యూటీవో చట్టం మీద జరిగే నమూనా కోర్టు పోటీ)లోనో పెట్టుబడి మూట్‌లోనో పేరు, ఆ తర్వాత స్కాలర్‌షిప్‌తో జెనీవా. ఆ పైసలు లేకుండా ఆ దారి వద్దు. ఐఐఎఫ్‌టీ కేంద్రంలో చేరాలంటే ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదు, చూపించడానికి రాసిన వ్యాసం ఒకటి ఉండాలి.

క్లాట్ పీజీ డిసెంబరులో జరుగుతుంది, దరఖాస్తులు జులై, ఆగస్టుల్లోనే మొదలవుతాయి. యూరప్ కోర్సులకు, స్కాలర్‌షిప్‌లకు గడువులు ఎక్కువగా అక్టోబరు నుంచి మార్చి మధ్యలో పడతాయి. రెఫరెన్స్ ఉత్తరాలు ఇవ్వాల్సిన లెక్చరర్లకు మన కాలేజీల్లో ఒక నెల ముందే గుర్తుచేయాలి, చివరి రోజు సంతకం కోసం స్టాఫ్ రూమ్ బయట నిలబడితే దొరకరు.